వెచ్చబెడితే మాట్లాడే తాబేళ్ళు

నమోదు 1. సోమవారం

పొద్దున్నే మునిసిపాలిటీ బండి మా షెడ్డు ముందు ఒక ప్లాస్టిక్ బుట్ట దించేసి, హారన్ కూడా కొట్టకుండా వెళ్ళిపోయింది. కుక్కపిల్లలనుకున్నాను. మూత తీస్తే మూడు నక్షత్ర తాబేళ్ళు. మూడూ పిల్లలే, అరచేతిలో పడతాయి. ఈ షెడ్డులో కుక్కల్ని చూశాను, మేకల్ని చూశాను, ఒకసారి దారి తప్పిన ఒంటెనీ చూశాను గానీ తాబేళ్ళు రావడం ఇదే మొదలు. అందుకే వీటి సంగతి విడిగా రాసి పెడుతున్నాను.

మూడింటికీ ఒకటే జబ్బు. ముక్కుల్లో బుడగలు, వాచి మూసుకుపోయిన కళ్ళు. మెడ చాచి, నోరు తెరిచి ఊపిరి లాగుతున్నాయి. ముట్టుకుంటే చలిగదిలోంచి అప్పుడే తీసిన పెరుగు గిన్నెలా ఉన్నాయి. బయట చూస్తే ఎగువపేట మొత్తం రేకుల కింద మాడిపోతోంది. ఎండకి జనం తెల్లారకముందు, పొద్దుగూకాక తప్ప గడప దాటడం లేదు. ఇలాంటి ఊళ్ళో ఒక జీవికి చలి చేసి నిమోనియా రావడమేమిటో నాకు అర్థం కాలేదు.

అన్నిటికంటే చిన్నదాన్ని వెల్లకిలా తిప్పి పొట్ట మీద బొటనవేలు ఆనించాను. వేలు లోపలికి దిగిపోయింది. ఆ వయసుకి గోరుతో కొడితే టక్కుమనాల్సిన పెంకు, బొబ్బట్టులా మెత్తగా ఉంది. దానికి అక్కడికక్కడే బొబ్బట్టు అని పేరు పెట్టాను. బుట్ట అడుగున ఎండిపోయిన పెరుగన్నం మెతుకులు, సగం సున్నుండ ఉన్నాయి. ఆకులు మేసే జీవికి సున్నుండ పెట్టిన మహానుభావులెవరో, కనబడితే నాలుగు కడిగేద్దామనుంది.

గోరువెచ్చని నీళ్ళు వెడల్పు తొట్టిలో వాటి గడ్డం తడిసేంత మాత్రమే పోసి మూడింటినీ దించాను. నేల తాబేళ్ళకి ఈత రాదు, కాస్త ఎక్కువ పోసినా మునిగిపోతాయి. కాసేపటికి పెద్దది మెడ ఎత్తింది. బతుకుతుందిలే అనుకుని వంగి చూస్తున్నాను. దాని వీపులోంచి ఒక ముసలాయన గొంతు, "ఒరేయ్, పేపరొచ్చిందా?" అంది.

నేను వెనక్కి ఎగిరి మందుల బల్లకి గుద్దుకున్నాను. మోచెయ్యి ఇంకా నొప్పిగానే ఉంది.


నమోదు 2. మంగళవారం

ఇవి గొంతు తాబేళ్ళు. వీటి గురించి విన్నాను గానీ ఎప్పుడూ చూడలేదు. సముద్రం ఎక్కి కింది ఊళ్ళు పోయాక, కట్టుబట్టలతో ఈ గుట్టల మీదికి వచ్చినవాళ్ళు జ్ఞాపకాలు దాచుకోవడానికి మాత్రం కరెంటునీ యంత్రాల్నీ నమ్మడం మానేశారు. ఇళ్ళలో పోయిన పెద్దవాళ్ళ మాటల్నీ, అలవాట్లనీ, చాదస్తాన్నీ ఒక గింజలోకి ఎక్కించి తాబేలు పెంకు కింద నాటించుకుంటున్నారు. తాబేలు ఒంటి వెచ్చదనంతోనే గింజ పనిచేస్తుంది. అడిగితే జవాబు చెబుతుంది, అడక్కపోయినా చెబుతుంది. తాబేలు వందేళ్ళు బతుకుతుంది కాబట్టి మనవలు, మునిమనవలు కూడా ఆ గొంతు వింటారని ఆశ. ఆశలో తప్పేమీ లేదు. తప్పంతా తాబేలుని అడక్కపోవడంలోనే ఉంది.

పొద్దున రేకు కాస్త జరిపి లేత ఎండ పడేలా చేశాను. ముందుకాళ్ళకి సూదులు వేశాను. కళ్ళు తడి దూదితో తుడిచి చుక్కలు వేశాను. మందారాకులు, నాగజెముడు ముక్కలు సన్నగా తరిగి సున్నప్పొడి చల్లి పెట్టాను. పెద్దవి రెండూ ముట్టాయి. బొబ్బట్టు వాసన కూడా చూడలేదు.

దాన్ని అరచేతిలో పెట్టుకుని దీపం కింద కాచాను. చాలాసేపటికి వీపులోంచి సన్నని ఆడ గొంతు పలికింది.

"ఎవరమ్మా అదీ? ఏసీ కట్టేశారా? హమ్మయ్య, ఒళ్ళు కొంకర్లు పోయిందనుకో."

"నేనండీ, డాక్టర్ రాహేలుని."

"డాక్టరమ్మవా! బాగా దొరికావు. నా కళ్ళకి కట్టెప్పుడు విప్పుతావే తల్లీ? విసుగొచ్చేసింది."

కట్టేమిటి? తాబేలుని అటూ ఇటూ తిప్పి చూశాను, ఎక్కడా కట్టు లేదు. ఇంకో రెండు రోజులు ఓపిక పట్టండి అన్నాను, రోగులకి అలవాటుగా చెప్పే మాట కదా. ఆవిడ పేరు వర్ధనమ్మ. గోదావరి మనిషి. ఒక పూటలోనే నాకు పెళ్ళయిందా, పిల్లలెందరు, జడ ఎంత పొడుగుంది, అన్నీ కనుక్కుంది.


నమోదు 3. గురువారం

ఈ రెండు రోజుల్లో బండి మళ్ళీ మళ్ళీ వచ్చింది. షెడ్డులో బల్లల మీద ట్రేలు పట్టడం లేదు. అన్నీ పిల్లలే, అన్నిటికీ పడిశెమే. వెచ్చబెట్టిన ప్రతిదీ నోరు విప్పుతోంది. ఒకాయన పేపరు అడుగుతాడు. ఒకావిడ రోజంతా విష్ణు సహస్రనామం చదువుతూ ఒకే చోట తప్పుతుంది. ఇంకొకావిడకి గ్యాస్ కట్టేశామో లేదో అని బెంగ. పశువుల ఆసుపత్రి కాస్తా పెళ్ళివారి విడిదిల్లు అయింది.

నా వల్ల కాక ఖాసిం పీరాని పిలిచాను. కడప మనిషి, గింజలు నాటడమే అతని పని. వస్తూనే ట్రేల వైపు చూసి తల పట్టుకున్నాడు.

"అయ్యో మేడమ్, పిల్లకాయలకి నాటినారా! ఇది నా పని గాదు సామీ, నా మీద పెట్టొద్దు. పెద్ద తాబేళ్ళకే నాటాల. పెద్దవి దొరకడం ల్యా, ఎవరో ఆశకి పోయి వీటికి నాటేసినారు."

"వీటికి నాటితే ఏమవుతుంది?"

"గింజకి ఏర్లుంటాయి మేడమ్. పెంకులోకి దిగి సున్నం పీలుస్తాయి. ఒంట్లో వెచ్చగుంటే గింజ మేలుకుంటాది, మేలుకుంటే పీలుస్తాది. పెద్దదానికైతే అదొక లెక్క గాదు. దీనికి ఒళ్ళంతా కలిపినా గుప్పెడు ల్యాకపాయె."

ఆ చలి సంగతి కూడా అతనే చెప్పాడు. గొంతు ఆపాలంటే తాబేలుని చల్లబెట్టడం తప్ప వేరే మీట లేదట. ఇంట్లో ఎవరికి ఆ గొంతు వద్దనిపించినా తీసుకెళ్ళి చలిగదిలో పెట్టేస్తారట. కూరగాయల పక్కన, పాల ప్యాకెట్ల వెనక.

చలిగా ఉంచితే ఊపిరితిత్తులు పోతాయి. వెచ్చగా ఉంచితే గింజ మేలుకుని పెంకుని తాగేస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నాలుగు రోజులుగా వీటిని బతికిస్తున్నాననుకుని దీపం కింద పెట్టి నేనే కరిగిస్తున్నాను.

"గింజ తీసేస్తే?"

"తాబేలు బతుకుతాది. గొంతు పోతాది. ఏర్లు తెగినంక ఇంకోదాంట్లో నాటేకి కాదు. అది గూడా ఇంటోళ్ళ సంతకం ల్యాకుండా తీస్తే మిమ్మల్ని జైల్లో ఏస్తారు మేడమ్, చెప్తాండా."


నమోదు 4. శుక్రవారం

రోజంతా ఫోన్లు చేస్తూనే ఉన్నాను. తాబేలు పెంకు అంచు మీద చిన్న ముద్ర ఉంటుంది, దాన్ని బట్టి ఇల్లు తెలుస్తుంది. వీళ్ళే కదా వదిలించుకున్నది, ఎగిరి గంతేసి సంతకం పెడతారనుకున్నాను. ఒక్కరంటే ఒక్కరు పెట్టలేదు.

"మా అత్తగార్ని తీసెయ్యమంటారా? నలుగురూ ఏమనుకుంటారండీ?" అని ఒకావిడ.

"కాస్త చల్లగా ఉంచండి మేడమ్, ఇంక మాట్లాడదు. మేమదే చేసేవాళ్ళం," అని ఒకాయన చిట్కా చెబుతున్నట్టు చెప్పాడు. తాబేళ్ళని మెట్ల కింద, లిఫ్టులో, చెత్తబుట్టల పక్కన వదిలేసిన మనుషులు, తీసేస్తామంటే మాత్రం కన్నీళ్ళు పెట్టుకుంటున్నారు.

చివరికి వర్ధనమ్మ గారి కొడుకు దొరికాడు. పేర్రాజు అట. బొబ్బట్టు పరిస్థితి అంతా వివరంగా చెప్పాను. ఇంకో వారం ఆగితే దక్కదన్నాను.

"మా అమ్మ రెండేళ్ళ కిందట ఒకసారి పోయిందండి," అన్నాడు. "రెండోసారి నా చేత్తో పంపమంటారా?"

"మరి చలిగదిలో ఎందుకు పెట్టారండీ?"

అటువైపు ఫోన్ పెట్టేసిన చప్పుడు. ఇంకేముంది, అత్త గొంతు పడక కోడలు చేసిన పనే అయ్యుంటుంది, ఈయన నోరు మూసుకుని ఉండుంటాడని అప్పటికప్పుడు తీర్మానించేశాను. ఆ కోడలిని మనసులో బాగా తిట్టాను కూడా.


నమోదు 5. శనివారం

కళ్ళ కట్టు సంగతి నన్ను పీడిస్తోంది. వర్ధనమ్మ గారొక్కరే కాదు. పేపరాయన కూడా "నా కట్టు విప్పితే నేనే చదువుకుంటాగా" అంటాడు. గ్యాస్ బెంగావిడకి శుక్లాల ఆపరేషనైందట, కదలొద్దన్నారట. సహస్రనామం ఆవిడకీ అదే. షెడ్డులో ఉన్న ప్రతి గొంతుకీ కంటి ఆపరేషనే, ప్రతివాళ్ళూ మంచం మీద కదలకుండా పడుకుని ఉన్నారు, ప్రతివాళ్ళూ నన్ను కళ్ళ డాక్టరనుకుంటున్నారు. గింజల్లో ఏదో లోపముందని ఖాసిం పీరాకి చెప్పాను.

అతను నా వైపు చూడకుండా పనిముట్లు సర్దుకున్నాడు.

"లోపం గాదు మేడమ్. వాళ్ళకి చెప్పలేదు."

"ఏం చెప్పలేదు?"

"సచ్చిపోయినారని."



"నాటేటప్పుడు మేం ఇంటోళ్ళని అడుగుతాం మేడమ్, పెద్దాయప్పకి సంగతి చెప్పాల్నా వద్దా అని. చెప్పండి అన్నోళ్ళని నేనింతవరకు చూడలే. తట్టుకోలేదు, బెంగ పెట్టుకుంటాది, మెల్లగా మేమే చెప్తాం అంటారు. ఎవరు చెప్తారు? చలి తెలుస్తాది, చప్పుడు తెలుస్తాది, కళ్ళు ఉండవు గదా. కన్ను ఆపరేషనైందని చెప్తే అన్నిటికీ సరిపోతాది. అందరికీ అదే మాట."

నేను స్టూలు లాక్కుని కూర్చుండిపోయాను. మన ఇళ్ళ సంగతి నాకు తెలియంది కాదు. ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే ఆ సంగతి వీధి వీధంతా తెలుస్తుంది, జబ్బుపడ్డ మనిషికి తప్ప. గ్యాస్ట్రబులే అంటాం, ఇంకో వారంలో ఇంటికెళ్ళిపోవచ్చంటాం. నేనూ అన్నాను, మా ఇంట్లో అందరూ అన్నారు. కానీ చావు సంగతి చచ్చినవాళ్ళ దగ్గర దాచిపెట్టిన జాతి భూమ్మీద మనమొక్కళ్ళమే అయ్యుంటాం. నవ్వొచ్చింది. మరుక్షణం ఆ వేడి షెడ్డులో నాకు చలేసింది.


నమోదు 6. ఆదివారం

బొబ్బట్టుకి బాగోలేదు. ముందుకాళ్ళు వేలాడిపోతున్నాయి. ఊపిరి తీసినప్పుడల్లా గుర్రుమంటోంది. బరువు ఇంకా తగ్గింది. రెండేళ్ళది అయ్యుంటుంది, ఎదుగూబొదుగూ లేక నిరుటి పిల్లలా ఉంది. పేర్రాజు ఫోన్ ఎత్తడం లేదు.

పొద్దుట గుడికి, అదే మా చర్చికి వెళ్ళలేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఈ పిల్ల చనిపోతే ఆ గొంతు ఎలాగూ పోతుంది. ఆ సంగతి ఒప్పుకోవాల్సిన మనిషిని అందరం అడుగుతున్నాం, ఆవిడని తప్ప. రేపు నేనే చెప్పేస్తాను.


నమోదు 7. సోమవారం

వర్ధనమ్మ గారికి కొంచెం చెవుడు. గింజకి చెవుడెందుకుంటుందని అడిగితే ఖాసిం పీరా, అలవాటు మేడమ్ అన్నాడు. గట్టిగా మాట్లాడితే తప్ప పలకదు. అందుకని గట్టిగానే చెప్పాను. ఎంత తెలివితక్కువ పని చేశానో తర్వాత తెలిసింది.

"వర్ధనమ్మ గారూ, మీ కళ్ళకి ఆపరేషన్ జరగలేదండీ."

"జరగలేదా? మరి కట్టెందుకే?"

"కట్టు లేదండీ."

"కట్టు లేకపోతే కనపడదేం?"

ముందుగా ఎన్నో మాటలు కూర్చుకున్నాను. ఒక్కటీ గుర్తు రాలేదు.

"మీరు పోయారండీ. రెండేళ్ళయింది."

దీపం ఆరిపోయిందా అని చూశాను, వెలుగుతూనే ఉంది. బొబ్బట్టు గుర్రుమంటూ ఊపిరి లాగుతోంది.

"మరి ఇదేంటి?" అంది చివరికి. "మాట్లాడుతున్నాను కదే."

చెప్పాను. గింజ, తాబేలు, చలిగది, పెంకు, గింజ తీయాలంటే కావాల్సిన సంతకం, అన్నీ. చెబుతుంటే నా గొంతే నాకు కొత్తగా వినిపించింది.

"తాబేలా?"

"పిల్ల తాబేలండీ. నా అరచేతిలో ఉంది."

"అంత పసిదాని వీపు మీద నన్నెక్కించారా? ఎవర్నడిగి?" గొంతు హెచ్చింది. "ఈ గుర్రు గుర్రు అంటోందే, ఇది నా రొమ్ములో పడిశెం అనుకున్నానే. ఇన్నాళ్ళూ మిరియాల కషాయం ఇమ్మని అడుగుతున్నాను. ఇది దీనిదా?"

"దీనిదేనండీ."

"అయ్యో, అయ్యో," అంది ఆవిడ.

అప్పుడు గమనించాను. షెడ్డు మొత్తం నిశ్శబ్దంగా ఉంది. సహస్రనామం ఆగిపోయింది. గ్యాస్ గురించి ఎవరూ అడగడం లేదు. వారం రోజులుగా ఒక్క క్షణం ఊరుకోని గొంతులన్నీ ఊరుకున్నాయి. పక్క ట్రేలోంచి పేపరాయన, చాలా మర్యాదగా, మెల్లగా అడిగాడు.

"డాక్టరు గారూ. మరి నా కళ్ళండీ?"

దాని పక్క ట్రేలోంచి, "నాకు కూడా కంటి ఆపరేషనే అన్నారమ్మా." వెనక బల్ల మీంచి, "నేను?" కింద అరలోంచి, "అమ్మాయ్, నా సంగతేంటి? నిజం చెప్పమ్మా, ఒట్టు." ఒకదాని మీద ఒకటి. అన్నీ నన్నే అడుగుతున్నాయి.

నేను బయటికి పరిగెత్తాను. మిట్టమధ్యాహ్నం, మనిషన్నవాడు ఉండకూడని ఎండలో, చెప్పుల్లేకుండా నిలబడ్డాను. కాళ్ళు బొబ్బలెక్కుతున్నా తెలియలేదు. తర్వాత లోపలికి వెళ్ళి, ఒక్కొక్క ట్రే దగ్గరా కూర్చుని, ఒక్కొక్కరికీ చెప్పాను.

ఒకావిడ నేనెప్పుడో అనుమానపడ్డానంది. ఒకావిడ ఏడ్చింది, కన్నీళ్ళు లేకుండా ఏడుపు వినడం చాలా భయంగా ఉంటుంది. పేపరాయన, "అయితే పేపరు రాలేదని మావాణ్ణి రోజూ తిట్టానండీ, పాపం," అన్నాడు. గ్యాస్ బెంగావిడ మాత్రం, "పోనీలే, ఇంక ఎవరు కట్టినా కట్టకపోయినా నాకేం," అంది. దానికి వెనక బల్ల మీంచి ఎవరో పకపకా నవ్వారు. నేను కూడా నవ్వేశాను, ఏడుస్తూనే.

సాయంత్రానికి ఫోన్ వాళ్ళే అడిగి తీసుకున్నారు. నేను నంబరు కలిపి ట్రే పక్కన పెట్టడమే. మొదటి వంతు పేపరాయనది. "ఒరేయ్, నేను చచ్చిపోయానంటగా?" అన్నాడు. అటువైపు చెంబో గిన్నో కింద పడ్డ చప్పుడు వినిపించింది.

వర్ధనమ్మ గారు మాత్రం ఫోన్ వద్దన్నారు.

"మా అబ్బులుని, అదే పేర్రాజుని, ఇక్కడికి రమ్మను. వాడి నోటంట వినాలి. రాకపోతే నేను వెళ్ళనని చెప్పు."


నమోదు 8. బుధవారం

పేర్రాజు వచ్చాడు. బక్కపల్చటి మనిషి, భుజం మీద తువ్వాలు. వెనక అతని భార్య తాయారు, గుమ్మంలోనే ఆగిపోయింది. నేను ఆవిడ వైపు చూసిన చూపు మంచిది కాదు. అది ఆవిడకి అర్థమైనట్టుంది.

"చలిగదిలో పెట్టిందీ, ఆఖరికి మెట్ల కింద వదిలేసిందీ ఆవిడ కాదండి," అన్నాడు పేర్రాజు. "నేనే."

"ఈయన పనికెళ్ళాక నేను బయటికి తీసి, ఒళ్ళో పెట్టుకుని కాసేపు కబుర్లు చెప్పేదాన్నండి," అంది తాయారు కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "ఈయనొచ్చే వేళకి మళ్ళీ పెట్టేసేదాన్ని. అలా తీసి, పెట్టి, తీసి, పెట్టి దీనికి జబ్బు చేసిందేమో. నా వల్లేనేమోనండి."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బొబ్బట్టుని తీసుకొచ్చి దీపం కింద తువ్వాలు మీద ఉంచాను. పేర్రాజు దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, బడిలో పిల్లాడు మేష్టారి ముందు నిలబడ్డట్టు.

"అమ్మా."

"వచ్చావా అబ్బులూ. నేను పోయానంటగా."

అతను భుజం మీది తువ్వాలు తీసి చేతికి చుట్టుకున్నాడు.

"చెప్పలేదేంరా?"

"ఎలా చెప్పనమ్మా?"

"అదీ నిజమేలే. మీ నాన్నేరి?"

పేర్రాజు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అప్పుడు నాకు తెలిసింది. చలిగది ఎందుకో, ఫోన్ ఎందుకు పెట్టేశాడో, అంతా ఒక్కసారిగా తెలిసింది.

"రోజూ సాయంత్రమయ్యేసరికి అదే అడిగేది డాక్టరు గారూ," అన్నాడు నా వైపు తిరిగి. "మీ నాన్న ఇంకా ఇంటికి రాలేదేంరా అని. నేనేం చెప్పనండి? వస్తారమ్మా, వస్తారమ్మా అనేవాణ్ణి. ఎన్నాళ్ళంటాను? ఆ వేళకి తీసుకెళ్ళి చలిలో పెట్టేసేవాణ్ణి."

"అబ్బులూ, నాతో మాట్లాడు. డాక్టరమ్మతో కాదు."

"పోయారమ్మా." మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. "నువ్వెళ్ళిన మరుసటేడు. నిద్దట్లోనే."

ఇంక ఆ గొంతు రాదేమో అనుకున్నాను.

"ఆ ఏడాదీ ఆయనకి అన్నం ఎవరు పెట్టేరు?"

"నేనే పెట్టేనమ్మా."

"ఉప్పు తగ్గించేవా?"

"తగ్గించేను."

"తిట్టుంటారే."

"తిట్టేరు. మీ అమ్మ చేతి రుచి నీకు రాలేదురా అన్నారు."

వర్ధనమ్మ గారు నవ్వారు. ఆ నవ్వు మధ్యలో బొబ్బట్టుకి ఊపిరందక మెడ పూర్తిగా సాగిపోయింది, నోరు తెరుచుకుపోయింది. నేను గబుక్కున ఎత్తి తల కిందికి వంచి ముక్కులు తుడిచాను. మళ్ళీ ఊపిరి దొరికింది.

"సంతకం ఎక్కడ పెట్టాలో వాడికి చూపించమ్మా," అందావిడ.

"నేను పెట్టను."

"పెట్టవూ? ఇది నా చెవి పక్కనే గింజుకుంటోందిరా. రాత్రీ పగలూ వింటున్నాను. నా చావు నా దగ్గర దాచావు, మీ నాన్నది దాచావు. పోనీ, ప్రేమ అనుకుంటాను. ఈ పసిదాని చావు మాత్రం నా చేత వినిపించకు."

పేర్రాజు సంతకం పెట్టాడు. అక్షరాలు గీత దాటిపోయాయి. మందుల బల్ల దగ్గరున్న ఖాసిం పీరా వచ్చి ఆ కాయితం తీసుకుని, అతని భుజం మీద చెయ్యి వేశాడు.


నమోదు 9. గురువారం

తెల్లారుతూనే మొదలుపెట్టాం. బొబ్బట్టుకి నొప్పి తెలియకుండా మందిచ్చాను. గింజకి మందు పనిచేయదు. ఆవిడ మెలకువగానే ఉంటుందని ఖాసిం పీరా ముందే హెచ్చరించాడు. ఆ సంగతి ఆవిడతో దాచలేదు.

"చలేస్తుందా?" అని అడిగిందంతే.

"లేదండీ. దీపం కిందే చేస్తాం."

"అయితే సరే. తాయారుని పిలు, ఊరికే ఎందుకు పడుకోవడం."

పెంకు మీది పలకని లేపాను. కింద తెల్లటి వేర్లు, జుట్టు కంటే సన్నగా, పిల్లదాని ఎముకల్లోకి అన్ని వైపులా దిగిపోయి ఉన్నాయి. అంత చిన్న ఒంట్లో అన్ని వేర్లుంటాయని నేననుకోలేదు. ఒక్కొక్కటీ కత్తిరిస్తూ పోయాను. ఖాసిం పీరా దీపం పట్టుకున్నాడు. తాయారు బల్ల పక్కన స్టూలు మీద కూర్చుంది. పేర్రాజు ఆవిడ వెనక నిలబడ్డాడు. వర్ధనమ్మ గారు కోడలికి వడియాలు పెట్టడం చెబుతున్నారు.

"గుమ్మడికాయ ముక్కలు ఉప్పేసి మూట కట్టి పైన బరువు పెట్టు. మినప్పిండి గట్టిగా రుబ్బు, పలచనైతే వడియం నిలబడదు. అందరూ ఆ కారిన నీళ్ళు పారబోస్తారు, అలా పారబొయ్యకే తాయారూ, పిండి రుబ్బేటప్పుడు ఆ నీళ్ళే కాస్త కాస్త చిలకరిస్తూ..."

నేను ఆఖరి వేరు కత్తిరించాను.

తాయారు, "ఆఁ, చిలకరిస్తూ?" అంది. ఎంత ముందుకి వంగి వింటోందంటే, ఆగిపోయిందని తెలియడానికి ఆవిడకి కాసేపు పట్టింది.

గింజని పళ్ళెంలో పెట్టాను. చింతపిక్క కంటే చిన్నది. పెంకుకి మందు రాసి అతుకు వేసి, బొబ్బట్టుని దీపం కింద పడుకోబెట్టాను. తాయారు ఏడుస్తూ బయటికి వెళ్ళిపోయింది. పేర్రాజు మాత్రం కదల్లేదు. ఎండ ఎక్కుతోంది, ఇంటికి వెళ్ళండి అన్నాను. వెళ్ళలేదు. మిగతా ట్రేల వాళ్ళు కూడా మంచి మర్యాదస్తులు, గొంతు ఎత్తలేదు.

చాలాసేపటికి బొబ్బట్టు ముందుకాలు కదిపింది. తర్వాత కళ్ళ వాపు వెనక నుంచి సన్నగా ఒక కన్ను తెరిచింది. మందారాకు ముక్క ముక్కు దగ్గర పెట్టాను. వాసన చూసింది, అంచు కొరికింది. నాకు కేక పెట్టాలనిపించింది గానీ నోరు మూసుకున్నాను. గుర్రుమనే చప్పుడు సగానికి సగం తగ్గింది.

పేర్రాజు వంగి, చూపుడు వేలితో దాని తల మీద మెల్లగా తాకాడు. అది తటాలున తల లోపలికి లాక్కుంటూ, హుస్సుమంది.

అతను అదిరిపడ్డాడు. దాని దగ్గరికి చెవి పెట్టి, మళ్ళీ నా ముఖంలోకి చూశాడు.

"ఏమంది?" అన్నాడు.

"ఏమీ అనలేదండీ," అన్నాను. "ఊపిరి వదిలింది."